నాలుగో బిందె

ట్యాంకర్ మంగళవారం వస్తుందంటారు,
ఒక్కోసారి వస్తుంది.
మనిషి వరసలో నిలబడితేనే నాలుగు బిందెలు,
లేకపోతే లేవు. అది డ్రైవరు చట్టం.

బోరునీళ్ళు తాగి తాగి
బాలచెన్నయ్య మోకాళ్ళు బిగదీసుకుపోయాయి.
జానెడు గోడ కోసం
మూడేళ్ళు మమ్మల్ని కనిగిరి కోర్టుకి తిప్పిన కాళ్ళవి.
మా మేక కాలు విరగ్గొట్టిన చేతికర్ర
ఇప్పుడు మంచంకోడుకి ఆనుకుని ఉంటంది.

"ప్రేమించు దీనమ్మా" అంది పాస్టరమ్మ.
ఎంత గింజుకున్నా రాలేదు ప్రేమ.
రాత్రి మోకాళ్ళ మీద పడి అడిగా.
ప్రభువు ఏమీ మాట్లాడలేదు.
లేచేటప్పుడు మాత్రం
నాకింకా వంగే మోకాళ్ళున్నాయని
తెలిసొచ్చింది.

నాలుగో బిందె చంకనెత్తుకుని
పళ్ళు కొరుక్కుంటూనే ఆయన గడప తొక్కా.
కుండలో వంచుతుంటే
"వడగట్టకుండా పోస్తావేందే" అన్నాడు.
కొంగు అడ్డం పెట్టి వడగట్టా.
లోపల తిట్టుకున్నా,
అదీ విని ఉంటాడు దేవుడు.

ఆ పూట మాకు బోరునీళ్ళ ఎసరే.
అన్నం పచ్చబడింది.
"వాడికా పోసొచ్చావు?" అని పిల్లోడు కంచం నెట్టేశాడు.
నా దగ్గర జవాబు లేదు,
పచ్చిమిరపకాయ ఉంటే ఇచ్చా.

నిన్న దొడ్లో బట్టలుతుకుతూ
హారను వినలేదు నేను.
గోడ అవతల్నుంచి టక్ టక్ టక్.
అదే కర్ర.
అదే జానెడు గోడ.
"చెవుడా నీకు? ట్యాంకరొచ్చి పోతంది!"

సబ్బు చేతులతోనే
బిందెలందుకుని పరిగెత్తా,
నాలుగూ.