తెల్లగానే ఉండిపోయిన ఉప్పు

నౌపడ బడి, ఎనిమిదో తరగతి.
"రేపు ఇంటినుంచి చిటికెడు ఉప్పు తెండి" అన్నాను.
తెచ్చారు.
నోటుబుక్కు కాగితంలో ఒకడు,
అగ్గిపెట్టెలో ఒకడు,
ఒకమ్మాయి ఏకంగా ఉప్పుమరిగెతోనే.

ఆసుపత్రిలో అడిగి తెచ్చిన చిన్న సీసా,
ఒక్కో ఉప్పు మీద ఒక్కో చుక్క.
కొట్లో కొన్న ఉప్పు
నేరేడుపళ్ళు తిన్న నాలుకలా మారిపోతుంటే
పిల్లలు "ఒలమ్మో" అని బల్లలెక్కారు.

ఢిల్లీశ్వరి ఉప్పు మాత్రం
తెల్లగానే ఉండిపోయింది.

మళ్ళీ వేశాను.
మూడో చుక్కకి నా చెయ్యి పట్టుకుంది.
"మా అయ్య సేసిన ఉప్పు మేస్టారూ.
సముద్రంది. కల్తీ నేదు."

నిజమే, కల్తీ లేదు.
మాఘం నుంచీ తవిటయ్య మడిలో నిలబడే ఉంటాడు,
అరికాళ్ళ పగుళ్ళలో కూడా ఉప్పు పండుతుంది.
ఎండకి నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది,
కావలసిన ఆ ఒక్కటీ
చాలినంత మిగలదు.

అయోడిన్.
పుస్తకంలో రెండు లైన్లు, పరీక్షలో ఒక మార్కు.
డెబ్బై ఏళ్ళ బతుక్కి
అన్నీ కలిపి ఒక చెంచాడు చాలట.
ఆ చెంచాడులో ఇవాళ్టి రవ్వ కోసం
గొంతులో సీతాకోకచిలుకంత గ్రంథి
రోజూ చెయ్యి చాపుతుంది.
దొరక్క దొరక్క
తానే ఉబ్బిపోతుంది.
కడుపులో బిడ్డకి అందకపోతే

ఇక్కడ సుద్దముక్క ఆగిపోయింది.
ఢిల్లీశ్వరి వాళ్ళమ్మకి ఏడో నెల.

సాయంత్రం వెళ్ళాను, సంచిలో కిలో పాకెట్.
దాలమ్మ మెడచుట్టూ తువ్వాలు,
ఈ ఉక్కలో కూడా.
తీయమని నేను అడగలేదు,
తనే తీసింది.
"రేపు నర్సమ్మకి చూపించమ్మా.
ఉప్పు డబ్బాకి మూత పెట్టు,
కూర దించాక వెయ్యి."

తవిటయ్య పాకెట్ని దీపానికెదురుగా పట్టుకుని
ధర చదివాడు, మళ్ళీ చదివాడు.
బస్తాకి తనకెంత ముట్టిందో
వేళ్ళమీద ఏదో లెక్క.
"ఏటి కలిపినారు, కనిపించదేటి?"
"కనిపించదు తవిటయ్యా."
"మేం తీసిన ఉప్పు
మేం తినకూడదేటి బాబూ?"

సైన్సు మేస్టార్ని,
పద్ధెనిమిదేళ్ళ సర్వీసు.
నీళ్ళు నమిలాను.

దాలమ్మే తేల్చింది,
పాకెట్ చివర పంటితో కొరికి డబ్బాలో ఒంపుతూ:
"అన్నంలోకి, కూరలోకి ఇదే.
సంటిది పుట్టినాక కూడా ఇదే.
ఆవకాయలోకి మాత్రం మనదేనయ్యా,
ఏటలాగ సూస్తావు?"