అటూ ఇటూ రెండు కాపీలు

నాగమల్లితోట జంక్షన్లో నా జిరాక్సు షాపు.
కాలేజీ గేటు తీయకముందే షట్టరెత్తుతాను.
కాకినాడకి కొత్తగా ఎవరొచ్చినా
ముందు నా అద్దం మీద బోర్లా పడుకోవాల్సిందే,
పాస్‌పోర్టో, మార్కుల జాబితానో.

ఆమెది చెమటకి మెత్తబడి ఉంది.
పేరు డియోలిండా. ఊరు కెలిమానె.
మూడు విమానాలు, ఒక రైలు,
సామర్లకోట నుంచి ఆటో.
"అటూ ఇటూ రెండు కాపీలు"
ఆమెకి వచ్చిన మొదటి తెలుగు మాట, నాది.
అన్నం, నీళ్ళు ఆ తర్వాతే వచ్చాయి.

ఆ నెలంతా కాయితాలే.
పోలీసులకొకటి, కాలేజీకొకటి,
సిమ్ముకి, గ్యాసుకి, బ్యాంకుకి.
ఇల్లుగలాయన నింపాల్సిన సి-ఫారం.
ఇల్లుగలాయన దొరికితేగా!
గాంధీనగర్లో 'గది ఖాళీ' బోర్డు
ఆమెని చూసి లోపలికెళ్ళిపోయింది.
రామారావుపేటలో వంట వాసనన్నారు,
ఇంకా పొయ్యే వెలిగించలేదు పాపం.
చివరికి జగన్నాథపురంలో, ఉప్పుటేటి పక్కన,
మిషను కుట్టుకునే గంగారత్నంగారి మేడ మీద.
అద్దె గురించి వేళ్ళతో మాట్లాడుకున్నారట,
నీళ్ళ మోటారు గురించి మాత్రం గొంతులతో.

ఆవిడే చెప్పింది,
కొలతల పుస్తకం బైండింగుకి ఇచ్చినప్పుడు.
"గుమ్మడిపాదుకి ఆకులన్నీ కోసేసిందండీ ఆ పిల్ల!
లబోదిబోమన్నాను.
సాయంత్రానికి కొబ్బరిపాలు పోసి,
రొయ్యపప్పు వేసి ఉడికించి
గిన్నెడు తెచ్చిచ్చింది.
నలభయ్యేళ్ళు కాయ మేం తిని
ఆకు మేకలకేశామండీ.
మేకలే తెలివైనవండీ, ఆయ్."

ఒకసారి ఫోటో ప్రింటు తీయమంది.
కొబ్బరిచెట్లు, మట్టిరోడ్డు,
సైకిలు వెనక సీటు మీద గొడుగుతో ఒక ముసలామె.
అచ్చం మా అమలాపురం వైపే, అన్నాను.
ఆదివారం బస్సెక్కి వెళ్ళొచ్చి
"అస్సలు పోలిక లేదు" అంది కోపంగా.
నాకెందుకో సిగ్గేసింది.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు
వీధి వీధంతా కొవ్వొత్తులు కొంటుంటే
ఆమె వచ్చి సర్టిఫికెట్లన్నిటికీ లామినేషన్ చేయించుకుంది.
మీకూ అలవాటేనా అని అడిగాను.
మాట వెతుక్కుని, దొరక్క,
అరచెయ్యి తన నుదుటి దగ్గర పెట్టి చూపించింది,
నీళ్ళు ఎందాకా వచ్చాయో.

ఏ ఫారంలోనైనా శాశ్వత చిరునామా అని ఒక గడి.
ఆమె చకచకా రాసేస్తుంది.
నేను ఆ గడి దగ్గర ఇప్పటికీ ఆగుతాను.
మాది కూనపులంక.
నాన్న రోజూ పొద్దువాలాక
ఏటి అంచు నుంచి గుమ్మం దాకా
అడుగులు లెక్కపెట్టేవాడు.
నూట పది. తొంభై ఆరు. అరవై.
రాత్రుళ్ళు ఒడ్డు విరిగిపడే చప్పుడు,
ఎవరో పెద్ద మనిషి నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు.
ఇరవై రెండైన రోజు తలుపులు ఊడదీసి పడవెక్కించాడు.
తలుపులు ముందు, మేం వెనక.
వాటికి గోడలు దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది.
ఇదంతా ఆమెకి చెప్పలేదు.
మా ఇద్దరికీ ఉన్న మాటలు
పేజీ, వైపు, నలుపు, రంగు, చిల్లర.

నిన్న వీసా పొడిగింపు కాయితం తెచ్చింది.
'ఈ ఊళ్ళో తెలిసినవారు' అని ఒక వరస గళ్ళు.
పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని
"మీ పేరేంటండీ?" అంది.
రెండేళ్ళలో మొదటిసారి.
వాసంశెట్టి వీర వెంకట సత్య సుబ్రహ్మణ్యం.
ఆమె పేరు పొడుగని నవ్విన
బ్యాంకు కుర్రాడు గుర్తొచ్చాడు.
ఒక్కో అక్షరం అడిగి, ఒక్కో గడిలో దించి,
సత్య దగ్గరికొచ్చేసరికి గళ్ళు అయిపోయాయి.
బిక్కమొహం వేసింది.
చాలమ్మా, అన్నాను,
షాపు బోర్డు మీద అంత కూడా లేదు.

అటూ ఇటూ రెండు కాపీలు.
ఒకటి నల్లగా పడిందని చెప్పి
ఇంకోటి తీసిచ్చాను.
పడలేదు.
సొరుగులో, చిల్లర కింద ఉంది.