రాయని వరుస

ఏనుమాముల యార్డులో రాత్రి పదకొండు.
స్విచ్చు గది నిండా మిర్చి ఘాటు.
ఫ్యాను రెక్కల మీది ఎర్ర దుమ్మును
చున్నీ కొసతో తుడిచి
నాలుగు తుమ్ములు తుమ్మి కూచున్న.

కుమారలింగం సారు చెప్పింది ఒక్కటే మాట:
"కాంటాలు తప్ప
ఒక్కటి గూడ సర్వరు దిక్కు చూడొద్దు.
అడ్తిదార్ల ఫోన్లు, కెమెరాలు, క్యాంటీన్ టీవీ, అన్నీ బందు."

సరే.
పది: ఒకటో కాంటాను పోనియ్యి.
ఇరవై: రెండో కాంటాను పోనియ్యి.
ముప్పై, నలభై, అట్లనే.
పదికీ ఇరవైకీ నడుమ తొమ్మిది ఖాళీలు
తర్వాత యాదికొచ్చేటోళ్ల కోసం.

స్విచ్చు పైనుంచి చదువుతది.
మొదట కలిసిన వరుసే తీర్పు.
కింద ఎంత మంచి మాట రాసినా
చూపు అక్కడిదాక రాదు.
ముసుగు అంకెల లెక్క ఇంకా ఉల్టా,
సున్నా ఉన్నకాడ నిలదీసి చూడాలె
ఒకటి ఉన్నకాడ చూడనట్టు పోవాలె.

పోర్టుకు తగిలించి ఎంటరు కొట్టిన.

తెర బిగుసుకపోయింది.

నా ల్యాప్‌టాప్ ఏ వరుసలా లేదు.
అందరినీ రాసుకుంట నన్ను నేను మరిచిన.
జాబితా అడుగున
ఎవరూ రాయని వరుస ఒకటుంటది,
అచ్చేసి చూసినా కనపడదు:
మిగిలినోళ్లెవ్వరికీ దారి లేదు.

కన్సోల్ కేబులు స్కూటీ డిక్కీల.
స్కూటీ గేటు అవతల.

గేటు కాడ ఓదెలు రిజిస్టరు రాస్తున్నడు.
మొగుళ్లపల్లి, డెబ్బై రెండు బస్తాలు, తేజ.
చిట్యాల, నలభై, చపాట.
డ్రైవరు సంతకం, వేలిముద్ర.
ఆయన వెనకనుంచి
చాట, చీపురు పట్టుకొని ఒక ముసలామె
లోపలికి నడిచింది,
రాలిన కాయ ఏరుకునే కనకవ్వ.

"ఈమెను ఏ వరుసల రాస్తవు?"
"వరుసకు చిన్నమ్మైతది" అన్నడు
తల ఎత్తకుండనే.
పేజీ అడుగున గీతల్లేని జాగ మీద
బీడీ కట్ట పెట్టుకున్నడు.

మళ్ల గదిల.
నీలం కేబులు గుచ్చి
పదికి ముందు ఐదు వేసి నన్ను రాసుకున్న.
చివరి వరుసను ఈసారి నా చేత్తో రాసిన:
మిగిలినోళ్లను ఆపు,
ఆపినోళ్ల లెక్క మాత్రం రాయి.

మూడు గంటలకు లెక్క రెండు వేలు దాటింది.
ఎక్కువ ఫోన్లే,
నిద్రల గూడ ధర అడిగే ఫోన్లు.
నడుమ ఒక్క చిరునామా
అర నిమిషానికోసారి
వచ్చి తట్టి, ఆగి,
మళ్ల వచ్చి తడుతున్నది.
ఎవరిదాని వెతికి వెతికి
కిటికీలకెళ్లి చూసిన.

షెడ్డు మీద ధరల బోర్డు నల్లగా ఉంది.
దాని కింద బస్తాలకానుకొని
రైతులు పండుకున్నరు.
ఒకాయన లేచి, మెడ ఎత్తి చూసి,
మళ్ల దుప్పటి కప్పుకున్నడు.

సారుకు ఫోను చెయ్యలే.
పదిహేను: ధరల బోర్డును పోనియ్యి.

ఐదో తుమ్ము అప్పుడొచ్చింది.