అర నూలు

కందుకూరులో, పామూరు రోడ్డు మలుపు కాడ,
టైర్ల కొట్టుకీ వజ్రమ్మ బోండాల బండికీ మధ్య
మీరావలి షెడ్డు.
నేను చేరిన మూడో నెలలో
కరేడు నించి రొయ్యల చెరువాయన వచ్చి
తూము తలుపొకటి పురమాయించి పోయాడు.
నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు,
ఆరు ఎమ్మెం రేకు, వెనక నాలుగు యాంగిల్ బద్దలు.
"గాడిలో జారాల. ఉప్పునీళ్ళు చుక్క దిగకూడదు."
ఇంతే కదా అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం
మాస్టరు నమాజుకి పోయొచ్చేలోగా
ఈ చివర అంటించి ఆ చివరి దాకా
చెయ్యెత్తకుండా కుట్టేశాను.
పది నంబరు రాడ్డు, కట్ట సగం ఖాళీ.
కుట్టు మాత్రం, నిజం చెప్పాలంటే, అందంగా వచ్చింది,
చందువా పొలుసుల్లాగా ఒకదాని మీదొకటి.
తొందరగా ఆరాలని నీళ్ళు కూడా చల్లాను.
అప్పుడు రేకు లోపల్నించి
చిన్న మూలుగు.
చూస్తుండగానే నాలుగు మూలలూ పైకి లేచాయి,
నిప్పుల మీద అప్పడంలాగా.

మీరావలి తిట్టలేదు.
టోపీ మడిచి జేబులో పెట్టుకుని
మూల నించి మూలకి దారం లాగి పట్టాడు.
దారం కింద నా బొటనవేలు దూరింది.
"ఎంతబ్బయా?"
"అంగుళం."
"అంగుళం కాదురా. ఆయన చెరువు."

ఆ రాత్రి షెడ్డు దించాక చెప్పాడు,
బీడీ వెలిగించకుండా చేతిలో తిప్పుతా:
"కాలిన చోట ఇనుము సాగాలని చూస్తాది.
చుట్టూ ఉండే చల్లటి ఇనుము సాగనియ్యదు.
అట్టా నలిగి, ఉన్న చోటే లావవుద్ది.
చల్లారేప్పుడు దాన్ని ఆపేవాడు ల్యా.
ముడుచుకుంటాది, పక్కదాన్ని గూడా లాక్కుని.
వెలుగులో ఏం జరగదు.
జరిగేదంతా మనం అద్దం తీసినాకే."

ఆదివారం కొత్త రేకు. డబ్బులు ఆయనవే.
పాత లారీ ఛాసీతో చేసిన బల్ల మీద పరిచి
నడిమధ్యన కింద ఒక బద్ద దూర్చాడు,
నాలుగంచులూ క్లాంపులతో అణగ్గొట్టాడు.
రేకు పెళ్ళి భోజనం చేసిన పొట్టలాగా ఉబ్బింది.
"వంకర పొయ్యిందే" అన్నాను.
"వంకరే. అది యాడికి పోతాదో తెలిసినాక
మనం ముందే ఎదురు పోవద్దా?"

ముందు చుక్కలు, జానకొకటి.
తర్వాత నడిమి నించి మొదలు:
అంగుళంన్నర కుట్టు, నాలుగంగుళాలు ఖాళీ,
బద్దకి ఇటొకటి, అటొకటి.
నాట్లేసే ఆడోళ్ళు వెనక్కి అడుగేస్తా
మడి ముందుకి నింపినట్టు
ప్రతి కుట్టూ వెనక్కి, పని మాత్రం ముందుకి.
ఒక్కో దానికీ మధ్య
మణికట్టు వెనక భాగం ఆనించి చూడాలి.
ఆనలేదా, ఆగాలి.
నా ఆయుష్షులో అంత ఆగింది లేదు.
వజ్రమ్మ రెండుసార్లు తొంగి చూసి
"ఇంకా కాలేదా సాయిబూ, రాతి గోడ కడతన్నారా?" అంది.
లావుగా వేద్దామని రాడ్డు ఊపితే
మోచెయ్యి మీద ఒక్కటిచ్చాడు.
"నెయ్యి కాదు పొయ్యడానికి. సరిపోయినంతే."

క్లాంపులు రాత్రంతా వదల్లేదు.
తెల్లారి, మంచు తడి రేకుల మీద ఉండగానే
ఒక్కో నట్టూ సగం సగం,
మూలకెదురు మూల, విప్పాడు.
నేను ఊపిరి పట్టాను.
రేకు ఒకసారి "టిక్" మంది. దిగింది. పడుకుంది.
దారం పట్టాం.
దారానికీ రేకుకీ మధ్య వెలుతురు
అర నూలు.
సుత్తి తీసుకోబోయాను.
"ఆ అర నూలు దానికొదిలెయ్.
రబ్బరు పట్టీ ఎందుకుండేది?"

ఇప్పుడా షెడ్డు నాది.
పాడైన ఆ మొదటి రేకు
గుమ్మం ముందు సైడుకాలవ మీద మూతగా ఉంది.
స్కూటరు ఎక్కితే టంగ్, దిగితే టంగ్.
మారుద్దామని ఎందరో అన్నారు.
కొత్తగా పిల్లోడెవడైనా పనికొస్తే
ఏమీ చెప్పను.
కాసేపు దాని మీద నిలబడమంటాను.