పలకల ఊళ్లో మధ్యమం

కౌన్సిల్ పంపిన కాగితంలో మూడు గళ్లు:
వినుట, వాయించుట, కట్టుట.
ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టే చోటు.
నా దగ్గరున్నది మెట్ల కింద ఒక అల్మరా.
మోకాలితో తంతే గానీ తలుపు తెరుచుకోదు.

లోపల, జిప్పు పోయిన సంచిలో పదకొండు రికార్డర్లు,
మూతుల మీద ఏ కాలపు పిల్లల పంటిగాట్లో.
తోలు చిరిగిన టాంబురిన్. గింజలు కారిపోయిన గిలకలు.
తొమ్మిది గ్లాకెన్‌స్పీల్‌లు,
తొమ్మిదింటిలోనూ మధ్యమం కడ్డీ లేదు.
ఎందుకో ఎవరూ చెప్పలేరు.
నాకు ముందు ఇరవై ఆరేళ్లు ఇక్కడ పాఠం చెప్పిన గ్వెన్‌లియన్ గారు
మూత లోపల పెన్సిల్‌తో రాసిపెట్టారు:
"మ లేదు. దాటెయ్యండి."

దాటేస్తూనే వచ్చాం.
ఏ పాటైనా అక్కడికి రాగానే
ఇరవై ఇద్దరి చేతులూ గాల్లో ఆగి
విరిగిన మెట్టు మీదుగా కాలు చాపినట్టు చాపి
అవతల పంచమం మీద దిగేవి.

ఉత్తర వేల్స్‌లో ఇది పలకల ఊరు.
కొండను చీల్చి చీల్చి
ఎక్కడెక్కడి ఇళ్లకో కప్పు వేసింది.
గని మూతపడ్డాక మిగిలిన రాతిరద్దు
బడి కిటికీ దాకా జారి వచ్చి
తడిసినప్పుడల్లా ఊదారంగుకి తిరుగుతుంది.

ఆ మంగళవారం వాన. ఇక్కడ అది వార్త కాదు.
కరెంటు పోయింది, స్పీకర్ పోయింది,
వినిపించాల్సిన పాఠం దానితోనే పోయింది.
సరే, కళ్లు మూసుకుని ఒక్క నిమిషం వినండి,
విన్నది గీయండి, అన్నాను.
మాక్సెన్ చల్లారుతున్న రేడియేటర్ గుటకలు గీశాడు.
తేగిడ్ తన పొట్ట గీశాడు, పొద్దున ఏమీ తినలేదట.
హెలెద్ ఒక గీత గీసి, దాని మీద చుక్క పెట్టి,
కాస్త దూరంలో ఇంకో చుక్క పెట్టి,
"కప్పులో ఒక పలక వదులైంది, మిస్.
గాలికి లేచి పడుతోంది.
మనకి లేనిది అదే."

నేను మెట్లెక్కి చెవి పెట్టాను.
నాకు వాన తప్ప ఏమీ వినపడలేదు.

గురువారం వాళ్ల తాత ఇథెల్‌ని తీసుకొచ్చింది.
నలభై ఏళ్ల మందుగుండుకి ఆయన చెవులు రెండూ పోయాయి,
వేళ్లు మిగిలాయి.
మంచి పలక మోగుతుంది, బీటున్నది దగ్గుతుంది,
పట్టుకుంటే తెలుస్తుంది, అన్నాడు పెద్ద గొంతుతో,
చెవిటివాళ్లు మాట్లాడినట్టు.
రద్దులోంచి ఒక ముక్క ఏరి
రెండు తాళ్ల మీద పడుకోబెట్టి కొట్టాడు.
హెలెద్ బొటనవేలు పైకెత్తింది: ఇంకా హెచ్చాలి.
చివర చెక్కాడు. ఇంకా. చెక్కాడు.
దాటిపోయింది. బొటనవేలు కిందికి.
నడుమ అరగదీశాడు, అది పగిలింది.
రెండోది పగిలింది. మూడోది దగ్గింది.
నాలుగోది పలికింది.
నా చెవికి కూడా.

ఇక ఇబ్బంది లేదనుకున్నాను.
పాట మొదలుపెట్టాం, ఆ చోటికి వచ్చాం,
ఇరవై ఇద్దరూ అలవాటుగా చేతులు ఎత్తి ఆగారు.
పలక ముందే ఉంది, ఎవరూ కొట్టలేదు.
అంత బాగా నేర్పానన్నమాట, లేనిదాన్ని.

నేను తిట్టబోయాను. హెలెద్ అప్పటికే రాసుకుంటోంది.
ఆమె బాణీ నిండా ఎత్తిన చేతుల బొమ్మలే,
చేతులు, చేతులు, చేతులు,
పలక ఒక్కసారే, అదీ ఎక్కడో మధ్యలో, అడగకుండా.
కచేరీ రోజు అక్కడికి వచ్చేసరికి
ముందు వరసలో ఇథెల్ తాత
కూర్చున్న బెంచీని అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు.

మూడు గళ్లలో టిక్కులు పెట్టాను.
"వనరులు సరిపోయాయా?" అన్న చోట పెన్ను కాసేపు ఆగింది.

కప్పు బాగుచేసే మనిషి శుక్రవారం వస్తాడట.
వద్దంటూ పిల్లలు అర్జీ రాశారు,
అక్షరదోషాలతో, ఇరవై రెండు సంతకాలతో.
హెడ్మాస్టరు ఇంకా చదవలేదు.
వదులైన పలక కింద బకెట్ పెట్టాం.
అందులో పడే చుక్క ఏ స్వరమో
హెలెద్‌ని అడగడానికి నాకు భయంగా ఉంది.