కణుపు దాకా

మొగల్రాజపురంలో ఆ మూడో అంతస్తుకి
రెండేళ్ళలో ఇది నాలుగోసారి.
మొదట రెక్సిన్, తర్వాత జూట్, ఆ తర్వాత
ఖరీదైన బూడిదరంగు వెల్వెట్.
అన్నీ మీగడే చింపింది.
నిజం చెప్పాలంటే ఆ పిల్లి
నా కొట్టుకి జీతం అడగని గుమాస్తా.
దాని పంజా ఆడినప్పుడల్లా
మా ఇంటికి గ్యాస్ బండ వచ్చేది.

"ఇదే ఆఖరు మీరావలీ" అన్నారు వకుళగారు
టేపు కొస పట్టుకుని నాకు సాయం చేస్తూ.
"గోళ్ళు తీయించేశాం.
ముగ్గురు డాక్టర్లు చెయ్యమన్నారు.
నాలుగో ఆయన ఒప్పుకున్నాడు,
రసీదు మాత్రం ఇవ్వలేదు."

కత్తిరించారేమో అనుకున్నా.
పెరిగేవే కదా, గడ్డంలాగా.
"కాదు, మళ్ళీ మొలవకుండా" అని
ఆవిడ తన వేలి చివరి కణుపు మీద
అడ్డంగా ఓ గీత గీసి చూపించారు.

నా కుడి చూపుడువేలు
దానంతటదే జేబులోకి వెళ్ళిపోయింది.
ఆటోనగర్లో ఫోమ్ కోసే మిషను
పదకొండేళ్ళ కిందట తీసుకుంది,
సరిగ్గా అక్కడికే.
రక్తం ఓ వారం. నొప్పి ఓ ఏడాది.
ఆ తర్వాతే అసలు సంగతి.
నేల మీద పడ్డ మేకు పైకి రాదు.
బత్తాయి తొక్క మొదలవదు.
వీపున చెమటకాయ గోక్కోబోతే
మెత్తటి ముద్ద ఊరికే తారాడుతుంది.
లేని గోరు కింద
ఉన్న దురద.
నాకు పోయింది ఒకటి.
దానికి పది.

ఇసక గుచ్చుకుంటుందేమో
తొట్టె ఎక్కడం మానేసిందట,
పరుపుల మీదే పోస్తోందట.
చిన్నపిల్ల మణికట్టుకి కట్టు.
గీరడం పోయాక కరవడం నేర్చిందట.
"పొగరు" అన్నారు సారు లోపల్నుంచి.
పొగరో, ఉన్నది లాక్కుంటే మిగిలినదో
నేనడగలేదు. టేపు చుట్టుకున్నా.

అప్పుడొచ్చింది మీగడ
దివాన్ కింద నుంచి.
మే నెలలో బందరు రోడ్డు మీద
చెప్పుల్లేకుండా నడిచినట్టు
ఒక్కో పాదం చూసి చూసి వేస్తూ.
సోఫా చేతి దగ్గర ఆగింది. ఒళ్ళు విరిచింది.
రెండు పంజాలూ పైకెత్తి
నేను మూడుసార్లు కుట్టిన చోటే ఆనించి
కిందికి లాగింది.

చప్పుడు లేదు.

మళ్ళీ లాగింది.
చిరగ్గా మిగిలిన నూగు ఒకవైపుకి పడుకుని
తిరిగి లేచింది, అంతే.
తన పంజాల వంక చూసుకుందని
చెప్పను. పిల్లులు అలా చూసుకోవు.
మూడోసారి లాగింది.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
గోటి మీదికే గొడ్డలి వస్తే
ఏమంటారో నాకెవరూ చెప్పలేదు.

వాళ్ళననడానికి నాకు నోరు రాదు.
నా కొట్లో అటక నిండా
గోనెసంచులు, కొబ్బరితాడు చుట్టలు.
చెక్కకి ఇంత తాడు చుట్టి
"సోఫా పక్కన నిలబెట్టండమ్మా,
దాని సరదా దీంతో తీరుతుంది" అని
మొదటిసారే అనొచ్చు.
తెలీక కాదు. మా నానమ్మ పిల్లి
నులకమంచం కోడు తప్ప ఇంకోటి ముట్టేది కాదు.
అనలేదు.
రెక్సిన్ తీసేసి జూట్ వేద్దామన్నది కూడా
నేనే.

వారానికి సోఫా తయారైంది.
"ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదండీ" అన్నాను.
బిల్లులో ఐదొందలు తగ్గించాను.
ఎందుకని ఆవిడ అడగలేదు.

ఆ రాత్రి షట్టరు సగం దించి
తాడు చుట్టిన చెక్క ఒకటి చేశాను.
ఎవరికివ్వాలో తెలియక
గుమ్మం బయట పెట్టాను.
ఏలూరు కాలవ వైపు నుంచి వచ్చిన
చెవి తెగిన ఊరపిల్లి ఒకటి
దాన్ని గరగరా గీరుతుంటే
చాలాసేపు వింటూ కూర్చున్నా,
లేని గోటిని
బొటనవేలితో రుద్దుకుంటూ.