లక్షా మూడో చీటీ

ఎనుమాముల యార్డుల దడ్వాయిని నేను.
కాంట ముల్లు నిలబడేదాక ఊపిరి బిగబట్టుడు,
నిలబడంగనె పలుకుడు, రాసుడు, చీటీ చించుడు.
పదోతరగతి లెక్కల్ల నాయి పద్దెనిమిది మార్కులు.

ఆ పొద్దు శాయంపేట నుంచి మునిగాల సూరమ్మ
ఇరవైమూడు బస్తాల చపాటా మిర్చి తెచ్చింది.
ఖరీదుదారు ఒక దాంట్ల చెయ్యి వెట్టి, పిడికెడు తీసి,
తాలు, అన్నడు.
ఇరవైరెండే కాంటకెక్కినయి.
ఆమె తక్‌పట్టీ నంబరు లక్షా మూడు.

ఒకటి, నాలుగు సున్నాలు, ఒక మూడు.
జనం పోయిన యార్డుల
ఈ కొసకొకలు, ఆ కొసకొకలు నిలబడ్డట్టు.

రాత్రి గుమస్తాలు పోయినంక
హైమాస్ట్ లైటు కింద, బస్తాలకు ఒరిగి,
కోరుకు తుమ్ముకుంట
కార్బన్ కాపీ ఎనుకపక్క భాగారం మొదలువెట్టిన.
నిద్ర రాని రాత్రులకు నా మందు గిదే.

రెండుతోని చూసిన, ఒకటి మిగిలింది.
మూడుతోని, ఒకటే.
ఐదుకు మూడు. ఏడుకు మళ్ల ఒకటి.
పదకొండుకు రెండు, పదమూడుకు ఏడు.
పదిహేడు పెద్దగ నోరు తెరిచి
తొమ్మిది మింగలేక వదిలిపెట్టింది.
ఇరవైమూడు కాడ చెయ్యి ఆగింది,
ఇగ పడ్డదే అనుకున్న.
ఇరవైరెండు మిగిలింది.
ఇంకొక్కటుంటే నిండేది.
ఆ ఒక్కటి యాడున్నదో నాకెరుకే.
షెడ్డు పక్కన, మూతి విప్పి, పడి ఉన్నది.

మూడు వందల పదహారు దాటితె ఇగ చూసే పని లేదు.
పెద్దంకెతోని పోయేదైతె
దాని జోడు చిన్నంకె ఎప్పుడో దొరికి ఉండాలె.
ఆ లోపల విరగని అంకెలు అరవై అయిదు.
అరవై అయిదు గడపలూ ఎక్కి దిగిన.
ఆఖరి గడప మూడు వందల పదమూడు,
అది గూడ నూట యాభై ఆరు
నా చేతులనే పెట్టి తలుపేసుకున్నది.

విరగదు.
ఎవల వాటాకూ రాదు.

నా చెయ్యికి అలవాటు గద,
ఒక్కటంటే ఒక్కటి తరుగు తీసి చూసిన.
లక్షా రెండు.
రెండుకు పడ్డది, మూడుకు పడ్డది, ఏడుకు పడ్డది,
కుట్టు తెగిన గోనె లెక్క.

తెల్లారి సూరమ్మ పైసలకు వచ్చింది.
చెప్పకుండ ఉండలేకపోయిన:
"అమ్మా, నీ చీటీ నంబరు జబర్దస్తుది.
రాత్రంత కొట్టి చూసిన,
దేనికీ లొంగలే. తరుగు వట్టదు దానికి."

చీటీని దూరం వెట్టి చూసింది, దగ్గర వెట్టి చూసింది.
చదువు రాదు ఆమెకు.
కొంగు ముడి విప్పుకుంట అన్నది:
"నంబరుకు లేకపాయె.
నాకు బస్తకు రెండు కిలోలు తీస్తివి గదనే కొడుకా."

బస్తకు రెండు.
ఇరవైరెండు బస్తాలు.
నలభై నాలుగు.

ఆమె గేటు దాటి పోయింది.
నేను కాంట కాడ నిలబడి
అలవాటు కొద్ది దాన్ని రెండుతోని కొట్టిన.
పడ్డది.
మళ్ల కొట్టిన.
మళ్ల పడ్డది.